శిక్షణ లేని అమెరికా వలసవాసులు బ్రిటిష్ సైన్యాన్ని ఎలా ఓడించారు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "గ్రూప్-1కి చదువుతున్నాను. పుస్తకంలో బోస్టన్ టీ పార్టీ ఉంది, 1776 స్వాతంత్ర్య ప్రకటన ఉంది. తర్వాత ఒక్క లైనులో యార్క్‌టౌన్ దగ్గర బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ లొంగిపోయాడని ఉంది. మధ్యలో ఏం జరిగింది? చెప్పుకోదగ్గ నౌకాదళం లేదు, శిక్షణ లేదు. ఆ రైతులు అంత పెద్ద సామ్రాజ్యాన్ని ఎలా ఓడించారు? గెరిల్లా యుద్ధమేనా? మన దేశంతో లింకులేమైనా ఉన్నాయా?"

నేను 26 ఏళ్ళు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పాను. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి ఫిలడెల్ఫియా వెళ్ళినప్పుడల్లా ఈ యుద్ధం జరిగిన చోట్లు తిరిగి చూశాను. మా కాలేజీ నోట్సుల్లో కూడా ఆ మధ్య ఏళ్ళు ఇలాగే మాయమైపోయేవి. అందుకే మీ ప్రశ్నకి కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్తాను. పెద్ద యుద్ధాల్లో అమెరికన్లు గెలిచినవాటి కంటే ఓడినవే ఎక్కువ. సైన్యం పూర్తిగా చెదిరిపోకుండా ఎనిమిదేళ్ళు నిలబెట్టుకున్నారు కాబట్టి గెలిచారు. పల్లెల మీద పట్టు బ్రిటిష్ వాళ్ళకి చిక్కనివ్వకపోవడం రెండో కారణం. ఫ్రాన్స్ ఇచ్చిన తుపాకి మందు, డబ్బు, చివర్లో నౌకలు మూడో కారణం. సైన్యమే మిగిలి ఉండకపోతే ఫ్రాన్స్ ఎవరికి సాయం చేస్తుంది? కాబట్టి మొదటిదే అసలైనది.

గెరిల్లా యుద్ధమేనా అంటే, సగమే నిజం. చెట్ల చాటు నుంచి కాల్చిన రైతు బొమ్మ అందరికీ గుర్తుండిపోతుంది. అది 1775 ఏప్రిల్ 19 నాటి బొమ్మ. బోస్టన్ నుంచి సుమారు 700 మంది బ్రిటిష్ సైనికులు కాంకర్డ్‌లో దాచిన ఆయుధాలు పట్టుకోవడానికి బయల్దేరారు. లెక్సింగ్టన్‌లో మొదటి కాల్పులు జరిగాయి. తిరుగు దారిలో ఊరూరి నుంచి వచ్చిన మిలీషియా, అంటే గ్రామ రక్షక దళాలు, గోడల వెనక నుంచి, చెట్ల వెనక నుంచి దారి పొడవునా కాల్చాయి. మధ్యలో అదనపు బలగం వచ్చి కలిసినా, ఆ రోజు బ్రిటిష్ వైపు చనిపోయినవాళ్ళు, గాయపడినవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు కలిపి 273 మంది.

కానీ అలా ఒక దండుని తరమవచ్చు గానీ, ఒక నగరాన్ని పట్టుకోలేరు, ఒక కోటని ముట్టడించలేరు. పంట కోతలకి మిలీషియా ఇంటికి వెళ్ళిపోతుంది. అప్పటి మస్కెట్ తుపాకి గురి 80, 100 గజాలు దాటితే నమ్మకం లేదు. ఆఖర్న యుద్ధాన్ని తేల్చేది తుపాకి చివర బిగించిన కత్తి, బాయొనెట్. అడవి వేటగాళ్ళ రైఫిళ్ళు దూరం కొడతాయి గానీ, వాటిని దట్టించడానికి చాలాసేపు పడుతుంది, వాటికి బాయొనెట్ ఉండదు. వరసగా నిలబడి, ఎదురుగా బాయొనెట్లు వస్తున్నా కదలని సైనికులు కావాలి. అందుకే 1775 జూన్ 14న ఫిలడెల్ఫియాలోని కాంటినెంటల్ కాంగ్రెస్, అంటే వలసల ప్రతినిధుల సభ, ఒక స్థిరమైన సైన్యాన్ని (కాంటినెంటల్ సైన్యం) ఏర్పాటు చేసింది. మర్నాడు జార్జి వాషింగ్టన్‌ని దానికి సేనాధిపతిని చేసింది.

మరి మిలీషియాతో లాభం లేదా? ఉంది, అదీ ఎక్కువే. ఊళ్ళో రాజు పక్షం వాళ్ళని నోరెత్తనివ్వలేదు. గడ్డికి, ధాన్యానికి బయటికొచ్చిన బ్రిటిష్ దళాల మీద పడేవాళ్ళు. 1777 చలికాలమంతా న్యూజెర్సీలో ఇదే జరిగింది. దాంతో బ్రిటిష్ సైన్యం నగరాల్లో ఉన్నంతసేపే రాజ్యం. చుట్టుపక్కల నుంచి కడుపు నిండా తిండి తెచ్చుకోలేక చాలావరకు ఐర్లండ్‌లోని కార్క్ రేవు నుంచి ఓడల్లో తెప్పించుకునేది. మధ్యలో దాదాపు 5,000 కిలోమీటర్ల అట్లాంటిక్ సముద్రం. ఓడ చేరడానికి రెండు మూడు నెలలు. లండన్‌లో వేసిన ప్లాను న్యూయార్క్ చేరేసరికి పరిస్థితి మారిపోయేది.

ఇక నా క్లాసులో చేయించిన ఒక పని చెప్తాను. బోర్డు మీద "12 వేల మంది, ఒక్క రోజు" అని రాసి, వీళ్ళకి ఏమేం కావాలో చెప్పమనేదాన్ని. పిల్లలు తుపాకులు, గుళ్ళు, గుర్రాలు, జెండా అనేవాళ్ళు. ఒక ఏడాది వెనక బెంచీలో ఒకబ్బాయి లేచి, "మేడం, కట్టెలు, ఉప్పు, నీళ్ళు మర్చిపోయారు" అన్నాడు. వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళకి వంటలు చేయిస్తాడట. ఆ రోజు నుంచి నేను ఈ పాఠం వంటింటి నుంచే మొదలుపెట్టాను.

లెక్క చూడండి. కాంటినెంటల్ సైనికుడికి రోజు రేషన్ ఒక పౌను మాంసం, ఒక పౌను పిండి లేదా రొట్టె. 12 వేల మందికి రోజుకి దాదాపు ఐదున్నర టన్నుల పిండి. అంతే బరువు మాంసం. ఆ కాలంలో లారీలు లేవు, సరైన రోడ్లూ లేవు. ఎడ్లు, గుర్రాలు లాగే బండ్లే. ఆ ఎడ్లకీ గడ్డి కావాలి. కాంగ్రెస్‌కి పన్ను వేసే అధికారం లేదు, రాష్ట్రాలని అడుక్కోవాలి. అందుకని కాగితం డబ్బు అచ్చు వేసింది. వేసిన కొద్దీ విలువ పోయింది. 1780 మార్చిలో కాంగ్రెసే 40 కాగితం డాలర్లకి ఒక వెండి డాలరని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు చెప్పండి, రైతు తన పిండి ఎవరికి అమ్ముతాడు? చిత్తు కాగితం ఇచ్చే తన సైన్యానికా, బంగారు నాణెం ఇచ్చే శత్రువుకా? చాలామంది శత్రువుకే అమ్మారు.

తుపాకి మందు సంగతి ఇంకా భయంకరం. 1775 ఆగస్టులో బోస్టన్ చుట్టూ మకాం వేసి ఉన్నప్పుడు, తమ దగ్గర 308 పీపాల మందు ఉందని వాషింగ్టన్ నమ్మకం. లెక్క పెడితే 36 తేలాయి. మనిషికి తొమ్మిది సార్లు పేల్చడానికి సరిపోతుంది. ఆ మాట విని ఆయన అరగంట సేపు మాట్లాడలేదని జనరల్ సల్లివన్ ఉత్తరంలో రాశాడు. ఎదుటివాళ్ళకి ఈ సంగతి తెలియకుండా నెలల తరబడి ముట్టడి నడిపారు. అంతకుముందు జూన్ 17న బంకర్ హిల్ దగ్గర కూడా అంతే. వెయ్యి మందికి పైగా బ్రిటిష్ సైనికుల్ని పడగొట్టాక మందు అయిపోయి గుట్ట వదిలేశారు.

మందుకి సురేకారం కావాలి, మన పెద్దవాళ్ళు పెట్లుప్పు అనేవాళ్ళు. బ్రిటన్‌కి ఆ సురేకారం బీహార్ నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వెళ్ళేది. అంటే అమెరికన్ల మీద పేలిన తుపాకుల్లో మన దేశపు మట్టి నుంచి తీసిన ఉప్పు ఉంది. అమెరికన్లకి ఆ దారి లేదు. మొదటి రెండు మూడేళ్ళు వాళ్ళు వాడిన మందులో చాలా భాగం కరీబియన్ దీవుల మీదుగా దొంగచాటుగా వచ్చింది. ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక ఉత్తుత్తి వ్యాపార సంస్థ పెట్టించి, దాని పేరుతో మందు, తుపాకులు పంపింది. ఆ సంస్థని నడిపింది బోమార్షే అనే నాటక రచయిత. ఫ్రాన్స్‌లో 1775 నుంచి మందు తయారీని చూసుకున్న వాళ్ళలో ఒకరు మీరు కెమిస్ట్రీలో చదువుకున్న లవోజియర్.

1776 ఓటముల ఏడాది. మార్చిలో బోస్టన్ దక్కింది. నిజమే, హెన్రీ నాక్స్ టైకాండరోగా కోట నుంచి 60 దాకా ఫిరంగుల్ని మంచు మీద ఎడ్లు లాగే జారుడు బండ్లతో 300 మైళ్ళు లాక్కొచ్చి గుట్టల మీద నిలబెట్టాక, మార్చి 17న బ్రిటిష్ వాళ్ళు ఊరు ఖాళీ చేశారు. కానీ జులైలో స్వాతంత్ర్యం ప్రకటించిన కొద్ది వారాలకే న్యూయార్క్ దగ్గర 30 వేల మందికి పైగా సైన్యం దిగింది. అందులో జర్మన్ సంస్థానాల నుంచి అద్దెకి తెచ్చిన హెస్సియన్లు వేల మంది. ఆగస్టు 27న లాంగ్ ఐలండ్‌లో వాషింగ్టన్ చిత్తుగా ఓడాడు. వెనక నది, ముందు శత్రువు. రెండు రోజుల తర్వాత ఒక్క రాత్రిలో, సుమారు 9 వేల మందిని పడవల్లో నది దాటించారు. ఆ పడవలు నడిపింది మార్బుల్‌హెడ్ ఊరి జాలర్లు. తెల్లవారాక మంచు పొగ కమ్మడంతో చివరి పడవలు కూడా దాటేశాయి. నవంబరులో ఫోర్ట్ వాషింగ్టన్ దగ్గర 2,800 మంది ఒకేసారి బందీలయ్యారు. మిగిలినవాళ్ళు న్యూజెర్సీ మీదుగా పరిగెత్తి డెలవేర్ నది దాటారు. చాలామంది ఒప్పందం డిసెంబరు 31తో ముగుస్తుంది. జనవరి 1న సైన్యమే ఉండదు.

ఇక్కడే మీరు పరీక్షలో ఒక పేరా ఎక్కువ రాయాలి. డిసెంబరు 25 రాత్రి, నదిలో మంచు గడ్డలు తేలుతుండగా, ఇనుప ఖనిజం మోసే పెద్ద పడవల్లో 2,400 మందిని అదే జాలర్లు దాటించారు. అదే రాత్రి వేరే చోట్ల దాటాల్సిన రెండు దళాలు అనుకున్నట్టు దాటలేకపోయాయి. అయినా వాషింగ్టన్ ఆగలేదు. పొద్దున్నే ట్రెంటన్ ఊరి మీద పడ్డారు. దాదాపు 900 మంది హెస్సియన్లు పట్టుబడ్డారు. తర్వాత ఆరు వారాలు ఉండిపోయే ప్రతి సైనికుడికి పది డాలర్లు ఇస్తామని బతిమాలి కొంతమందిని ఆపారు. జనవరి 3న ప్రిన్స్‌టన్‌లో ఇంకో గెలుపు. యుద్ధం అంతా చూస్తే ఇవి చిన్న గెలుపులు. కానీ వీటివల్లే జనవరిలో కూడా సైన్యం అనేది ఉంది. నేను ఆ నది ఒడ్డున డిసెంబరులో నిలబడ్డాను. కోటు, గ్లవుజులు వేసుకుని కూడా పది నిమిషాలకి వేళ్ళు తిమ్మిరెక్కాయి. చెప్పులు లేని సైనికులు అక్కడి నుంచి ఇంకా తొమ్మిది మైళ్ళు నడిచారు.

మశూచి గురించి మన పుస్తకాల్లో ఒక్క ముక్క ఉండదు, నాకు అది చాలా బాధ. 1775 చివర్లో కెనడా మీదికి వెళ్ళిన అమెరికన్ సైన్యాన్ని శత్రువు కంటే ఎక్కువగా మశూచి చంపింది. వాషింగ్టన్‌కి పందొమ్మిదేళ్ళప్పుడే అది సోకి ముఖాన మచ్చలు ఉండేవి, దాని సంగతి బాగా తెలుసు. 1777 ఫిబ్రవరిలో సైన్యం మొత్తానికి టీకా వేయించమని ఉత్తర్వు ఇచ్చాడు. జెన్నర్ ఆవు టీకా రావడానికి ఇంకా 19 ఏళ్ళుంది. అప్పటి పద్ధతి వేరు: రోగి పొక్కులోని రసిని కొద్దిగా గీరిన చర్మంలో పెట్టేవాళ్ళు. దానివల్ల వందలో ఒకరిద్దరు చనిపోయేవాళ్ళు, మామూలుగా సోకితే పదిహేను నుంచి ముప్పై మంది. టీకా వేసుకున్నవాడు వారాల తరబడి మంచం మీదే. ఆ సంగతి శత్రువుకి తెలిస్తే వచ్చి పడతాడు. అందుకని రహస్యంగా, విడతలు విడతలుగా వేయించారు. ఈ ఒక్క నిర్ణయం చాలా యుద్ధాల గెలుపుతో సమానమని నా అభిప్రాయం.

1777లో రెండు కథలు ఒకేసారి నడిచాయి. వాషింగ్టన్ బ్రాండీవైన్ దగ్గర ఓడాడు, ఫిలడెల్ఫియా పోయింది, జర్మన్‌టౌన్‌లో మళ్ళీ ఓడాడు. ఉత్తరాన మాత్రం కెనడా నుంచి అడవుల్లో దిగి వస్తున్న బ్రిటిష్ జనరల్ బర్గోయిన్ సైన్యం తిండి లేక, దారి లేక చిక్కుకుపోయింది. మిలీషియా చుట్టుముట్టింది. సారటోగా దగ్గర రెండు యుద్ధాల తర్వాత అక్టోబరు 17న దాదాపు 6 వేల మందితో ఆయన లొంగిపోయాడు. ఇక్కడ రెండు రకాల బలగాలూ కలిసి పనిచేశాయి: రాజధాని పోయినా చెదరని సైన్యం ఒకవైపు, పల్లెల్లో ఊపిరాడనివ్వని రైతులు ఒకవైపు. ఫ్రాన్స్‌ని తమ వైపు తిప్పడానికి పారిస్‌లో అమెరికన్ రాయబారి బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఏడాదిగా చేస్తున్న ప్రయత్నం అప్పుడు ఫలించింది. 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్స్ అమెరికన్లతో కూటమి సంధి మీద సంతకం పెట్టింది. 1779లో స్పెయిన్ కూడా బ్రిటన్ మీద యుద్ధానికి దిగింది, 1780 చివర్లో డచ్ వాళ్ళతోనూ బ్రిటన్‌కి యుద్ధం వచ్చింది. బ్రిటన్ ఇప్పుడు తన సొంత తీరాన్నీ, కరీబియన్ చక్కెర దీవుల్నీ, మన దేశాన్నీ కాపాడుకోవాలి.

ఆ సంధి జరుగుతున్న రోజుల్లోనే వాషింగ్టన్ సైన్యం ఫిలడెల్ఫియా దగ్గరి వ్యాలీ ఫోర్జ్‌లో చలికాలపు మకాం వేసి ఉంది. అక్కడ మళ్ళీ కట్టి పెట్టిన గుడిసెల్లో ఒకదానిలోకి వెళ్ళాను. 14 అడుగులు, 16 అడుగులు. అందులో పన్నెండు మంది. దాదాపు 12 వేల మంది అక్కడికి వచ్చారు, ఆరు నెలల్లో దాదాపు 2 వేల మంది చనిపోయారు. మంచుకి గడ్డకట్టి కాదు, జ్వరాలతో, విరేచనాలతో. ఎక్కువ చావులు చలి తగ్గాక వసంతంలోనే. వాళ్ళు ఆకలితో ఉన్నది కూడా చుట్టుపక్కల ధాన్యం లేక కాదు. దాన్ని మోసే బండ్లు, గుర్రాలు, వాటిని నడిపించే యంత్రాంగం లేక. 1778 మార్చిలో నథానియెల్ గ్రీన్‌ని సరఫరాల అధికారిగా పెట్టాక పరిస్థితి కుదుటపడింది. ఆయనకి ఆ పని అస్సలు ఇష్టం లేదు, యుద్ధం చేయాలని ఉండేది. అయినా బండ్లు, డేరాలు, గడ్డి లెక్కలు చూసుకుంటూ కూర్చున్నాడు.

అక్కడే జర్మన్ రాజ్యం ప్రష్యా నుంచి వచ్చిన సైనికాధికారి ఫాన్ స్టూబెన్ డ్రిల్లు నేర్పాడు. ఇంగ్లిష్ రాదు, దుబాసీని పక్కన పెట్టుకుని చెప్పేవాడు. మొదట సుమారు వంద మందికి నేర్పి, వాళ్ళతో మిగతావాళ్ళకి నేర్పించాడు. డ్రిల్లు గురించి అందరూ రాస్తారు. వంటశాలలు ఒకవైపు, మరుగుదొడ్లు దానికి ఎదుటి వైపు పల్లంలో ఉండాలని ఆయన పట్టుబట్టిన సంగతి కూడా రాయండి. ప్రాణాలు కాపాడిన విషయం అది.

ఆడవాళ్ళ పని కూడా ఇక్కడే చెప్పాలి. వ్యాలీ ఫోర్జ్‌లో కొన్ని వందల మంది ఆడవాళ్ళు బట్టలు ఉతికారు, రోగుల్ని చూసుకున్నారు. 1780లో ఫిలడెల్ఫియా ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగి 3 లక్షల కాగితం డాలర్లు పోగుచేశారు. దాంతో బట్ట కొని 2 వేలకి పైగా చొక్కాలు కుట్టి పంపారు.

1778 తర్వాత బ్రిటిష్ వాళ్ళు దక్షిణాదికి తిరిగారు. అక్కడ రాజు పక్షం వాళ్ళు ఎక్కువని ఆశ. 1780 మేలో చార్ల్స్‌టన్ పడిపోయింది, దాదాపు 5 వేల మంది బందీలయ్యారు. ఆగస్టులో కామ్డెన్‌లో ఇంకో సైన్యం చెదిరింది. మీరు అడిగిన గెరిల్లా యుద్ధం అసలు ఇక్కడ జరిగింది. చిత్తడి నేలల్లో ఫ్రాన్సిస్ మేరియన్ లాంటివాళ్ళు రాత్రిపూట బ్రిటిష్ బండ్ల మీద పడేవాళ్ళు. ఇరుగుపొరుగు వాళ్ళే ఒకరి ఇళ్ళు ఒకరు తగలబెట్టుకున్న ఘోరమైన అంతర్యుద్ధం అది. 1780 అక్టోబరులో కింగ్స్ మౌంటెన్ దగ్గర రెండు వైపులా పోరాడిన వేలాది మందిలో బ్రిటన్ నుంచి వచ్చినవాడు దాదాపు ఒక్కడే, దళపతి ఫెర్గూసన్.

వ్యాలీ ఫోర్జ్‌లో బండ్ల లెక్కలు చూసిన గ్రీన్‌నే 1780 డిసెంబరులో దక్షిణ సైన్యానికి పంపారు. ఆయన ముందు చేసిన పని నదుల రేవులు, పడవలు ఎక్కడెక్కడున్నాయో సర్వే చేయించడం. 1781 జనవరిలో కౌపెన్స్ దగ్గర ఆయన కింది సేనాని డేనియల్ మోర్గన్ గెలిచాక, కోపంతో వెంటబడ్డ కార్న్‌వాలిస్ వేగం కోసం తన సైన్యం సామాన్లనీ, డేరాలనీ తనే తగలబెట్టించాడు. గ్రీన్ వెనక్కి వెనక్కి జరుగుతూ, పడవలు సిద్ధంగా పెట్టుకున్న డాన్ నది దాటేశాడు. వెంటబడినవాడికి పడవలు మిగల్లేదు. మార్చి 15న గిల్‌ఫర్డ్ కోర్ట్‌హౌస్ దగ్గర లెక్క ప్రకారం కార్న్‌వాలిసే గెలిచాడు. కానీ తన సైన్యంలో నాలుగో వంతు పోగొట్టుకున్నాడు. గ్రీన్ ఒక ఉత్తరంలో ఇలా రాశాడు: పోరాడతాం, దెబ్బ తింటాం, లేస్తాం, మళ్ళీ పోరాడతాం. దక్షిణాన ఆయన స్వయంగా నడిపిన పెద్ద యుద్ధాల్లో ఒక్కటీ స్పష్టంగా గెలవలేదు. అయినా ఆ ఏడాది చివరికి బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఆ ప్రాంతంలో మిగిలినవి ఒకటి రెండు రేవు పట్టణాలే.

అలసిన సైన్యంతో కార్న్‌వాలిస్ వర్జీనియా తీరంలో యార్క్‌టౌన్ చేరాడు, సముద్రం తనదే కదా అన్న ధీమాతో. వాషింగ్టన్ న్యూయార్క్ మీద దాడి చేద్దామన్నాడు. ఫ్రెంచి సేనాపతి రోషాంబో దక్షిణానికి మొగ్గాడు. ఫ్రెంచి అడ్మిరల్ ద గ్రాస్ నౌకలు చెసపీక్ అఖాతానికి వస్తున్నాయని తెలియగానే రెండు సైన్యాలూ 600 కిలోమీటర్లకి పైగా నడిచాయి. న్యూయార్క్ మీదికే వస్తున్నామని శత్రువుని నమ్మించడానికి న్యూజెర్సీలో పెద్ద పెద్ద రొట్టెల పొయ్యిలు కట్టించారు. ఇన్ని రొట్టెలు కాలుస్తున్నారంటే ఇక్కడే మకాం అనుకోవాలి కదా! దారిలో అమెరికన్ సైనికులు జీతం లేనిదే కదలమని మొరాయిస్తే, రోషాంబో తన ఖజానా నుంచి నాణేలు అప్పిచ్చాడు. సెప్టెంబరు 5న ద గ్రాస్ 24 నౌకలతో బ్రిటిష్ 19 నౌకల్ని అడ్డుకున్నాడు. సముద్రం దారి మూసుకుపోయింది. అక్టోబరు 19న కార్న్‌వాలిస్ సైన్యం, 7 వేల మందికి పైగా, ఆయుధాలు దించింది. ముట్టడి వేసిన సైనికుల్లో దాదాపు సగం మంది ఫ్రెంచివాళ్ళు, అడ్డుకున్న నౌకలన్నీ ఫ్రెంచివే. ఈ మాట రాయడానికి మొహమాటపడకండి.

మన వైపు లింకులు కూడా అడిగారు కాబట్టి చెప్తాను. ఈ గొడవకి మూలం 1756-63 ఏడేళ్ళ యుద్ధం మిగిల్చిన అప్పు. అదే యుద్ధంలో భాగంగా 1758 డిసెంబరులో మన చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్ళు ఓడారు, ఉత్తర సర్కార్లు వాళ్ళ చేయి దాటిపోయాయి. ఆ అప్పు తీర్చడానికే వలసల మీద 1765 స్టాంపు చట్టం. 1773 డిసెంబరు 16న బోస్టన్‌లో సముద్రంలో పారేసిన 342 పెట్టెల టీ ఈస్టిండియా కంపెనీదే. కానీ అది చైనా టీ. "భారతదేశపు టీ" అని రాసిన పేపర్లు నేను చాలా దిద్దాను. అస్సాం టీ తోటలు 1830ల తర్వాతి మాట. 1779లో బ్రిటిష్ వాళ్ళు ఫ్రెంచి రేవు మాహేని పట్టుకోవడం హైదర్ అలీ యుద్ధానికి దిగడానికి ఒక ముఖ్య కారణం. ఆయన పేరు ఫిలడెల్ఫియాలో ఎంత మారుమోగిందంటే, 1782 ఏప్రిల్‌లో డెలవేర్ అఖాతంలో తనకంటే బలమైన బ్రిటిష్ నౌకని పట్టుకున్న పెన్సిల్వేనియా ఓడ పేరు హైదర్ అలీ. యార్క్‌టౌన్‌లో ఓడిన కార్న్‌వాలిసే 1786లో మనకి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. యూరప్‌లో శాంతి కుదిరి నెలలు గడిచాక కూడా, 1783 జూన్‌లో కడలూరు దగ్గర బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు చంపుకుంటూనే ఉన్నాయి. ఆ కబురు ఓడలో రావాలి కదా.

ఒక జాగ్రత్త. "వలస ప్రజలంతా ఏకమై" అని రాయకండి. శ్వేతజాతి వాళ్ళలో దాదాపు ఐదో వంతు రాజు పక్షం. యుద్ధం తర్వాత 60 వేల మంది దాకా దేశం వదిలారు. అప్పటి పాతిక లక్షల జనాభాలో 5 లక్షల మంది నల్లజాతి వాళ్ళు, ఎక్కువ మంది బానిసలు. 5 వేల మంది దాకా నల్లజాతి సైనికులు వాషింగ్టన్ వైపు పోరాడారు. తిరుగుబాటుదార్ల బానిసలు తన వైపు వచ్చి ఆయుధం పడితే స్వేచ్ఛ ఇస్తానని 1775 నవంబరులోనే బ్రిటిష్ గవర్నర్ డన్‌మోర్ ప్రకటించాడు, వేల మంది అటు వెళ్ళారు. యుద్ధం చివర్లో న్యూయార్క్ నుంచి అలాంటి 3 వేల మంది పేర్లు పుస్తకంలో రాసి ఓడలెక్కించారు. 1779లో సల్లివన్ దండు ఇరొక్వా ఆదివాసుల 40కి పైగా ఊళ్ళని, చేతికొచ్చిన పంటతో సహా తగలబెట్టింది. వాళ్ళకి ఇది స్వాతంత్ర్య యుద్ధం కాదు.

చివరగా ఆ మామూలు సైనికుడు. 1781 జనవరి 1న పెన్సిల్వేనియా పటాలాలు జీతం, బట్టలు లేవని తిరగబడ్డాయి. బ్రిటిష్ సేనాధిపతి ఇద్దరు మనుషుల్ని పంపి, మా వైపు రండి, బాకీ అంతా ఇస్తాం అన్నాడు. ఆ తిరగబడ్డ వాళ్ళే ఆ ఇద్దర్నీ పట్టి అప్పగించారు, వాళ్ళకి ఉరి పడింది. సైన్యం ఎలా నిలబడిందని పరీక్షలో అడిగితే నేనైతే ఈ సంఘటన రాస్తాను. 1783 సెప్టెంబరు 3న పారిస్ సంధి జరిగింది. అప్పటికే చాలామందిని జీతానికి బదులు కాగితాలు ఇచ్చి ఇళ్ళకి పంపేశారు. ఆకలికి తట్టుకోలేక వాటిని పావలాకీ అర్ధకీ అమ్ముకున్నారు. పేద సైనికులకి పింఛను చట్టం 1818లో వచ్చింది, అప్పటికి కుర్రవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. 1820లో ఇంకో నిబంధన పెట్టారు: పింఛను కావాలంటే నిజంగా పేదవాడినని కోర్టులో రుజువు చేసుకోవాలి. తనకున్న ఆవులెన్ని, కుర్చీలెన్ని, వంట గిన్నెలెన్ని అని జాబితా రాసివ్వాలి. ఆ జాబితాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.